డబ్బా మీద నంబరు అసలుదే, మరి లోపలి నాణెం?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: సార్, ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకాయన దగ్గర 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి కొన్నాను. నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే అమెరికా కంపెనీ పీసీజీఎస్ డబ్బాలో సీలు వేసి ఉంది, గ్రేడు ఎంఎస్ 63 (అంటే వాడకంలో అరగని నాణెం). డబ్బా మీది నంబరు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే 1939 రూపాయి, అదే గ్రేడు అని వచ్చింది. మా మేనమామ మాత్రం ఇది నకిలీ అంటున్నాడు. నంబరు కరెక్టుగా ఉన్నాక నకిలీ ఎలా అవుతుంది? చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు రాయవద్దన్నారు, ప్రొద్దుటూరు

జవాబు: మీ మేనమామ మాట కొట్టిపారేయకండి. నంబరు దొంగిలించడమంత తేలిక ఇంకోటి లేదు. ఎవరో వేలానికి పెట్టిన అసలు నాణెం ఫొటోలోనే నంబరు కనిపిస్తుంది, దాన్ని నకిలీ లేబుల్ మీద అచ్చేసి నకిలీ డబ్బాలో పెడితే, మీరు వెబ్‌సైట్‌లో ఎన్నిసార్లు కొట్టినా సరైన వివరాలే వస్తాయి. అవి ఎక్కడో ఇంకొకరి బీరువాలో ఉన్న నాణెం వివరాలు. చైనాలో తయారైన ఇలాంటి డబ్బాలు 2008లోనే బయటపడ్డాయి.

కాబట్టి నంబరుతో ఆగిపోకుండా, ఆ పేజీలో ఫొటో ఉందేమో చూడండి. ఉంటే మీ నాణేన్ని పక్కన పెట్టుకుని రాజు చెంప మీది గీత, అంచు దగ్గర నల్లమచ్చ, వెండి రంగు మారిన చోటు ఒక్కొక్కటే పోల్చండి. అవి మనిషి పుట్టుమచ్చల్లాంటివి, రెండు నాణేలకు ఒకేలా రావు. ఫొటో లేకపోతే డబ్బా ముందు, వెనక ఫొటోలు తీసి ఆ కంపెనీకే పంపి అడగండి. డబ్బా అసలుదే అయినా అతుకు వెంట ప్లాస్టిక్ తెల్లబారి, పగిలినట్టుంటే ఎవరో తెరిచి నాణెం మార్చారని అనుమానించాలి.

ఇక 1939 రూపాయి సంగతి ప్రత్యేకం. 91.7 శాతం వెండితో వేసిన చివరి రూపాయి అదే, 1940 నుంచి వెండి 50 శాతానికి పడిపోయింది. ఇప్పుడు దొరకడం చాలా అరుదు. అందుకే మామూలుగా దొరికే 1938 రూపాయి తీసుకుని 8ని 9గా చెక్కేస్తారు. అప్పుడు తూకం 11.66 గ్రాములూ సరిపోతుంది, వెండీ అసలుదే, మీ ఊరి బంగారం బజారులో శుద్ధత చూసే మిషన్ కింద పెట్టినా పాస్ అవుతుంది. పట్టుకోవాల్సింది పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతోనే. 1939లో రెండు 9లు ఉన్నాయి కదా, వాటిని పోల్చండి. రెండో దాని తోక ఆకారం తేడాగా ఉన్నా, దాని చుట్టూ నాణెం పైభాగం గీకినట్టు గరుగ్గా ఉన్నా అది 1938దే.

డబ్బాను మాత్రం పగలగొట్టొద్దు, డబ్బు వెనక్కి అడగడానికి మీకున్న సాక్ష్యం అదే. నకిలీ అని తేలితే అమ్మినాయనకు రాతపూర్వకంగా చెప్పండి, పలకకపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. దయచేసి ఇంకొకరికి అంటగట్టొద్దు, తెలిసి అమ్మితే అప్పుడు మోసం చేసింది మీరవుతారు.

ప్రశ్న: మా అవ్వ పూజలో పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ నాణెం ఉంది. 1818 అని, రాములవారి పట్టాభిషేకం బొమ్మ ఉంది. దానికి లక్షలు వస్తాయని, ముందు నాలుగు వేలు కడితే సర్టిఫికెట్‌తో డబ్బాలో పెట్టిస్తానని ఒకతను అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: కట్టొద్దమ్మా. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. దేశమంతటికీ ఒకే రకం నాణేలు మొదలుపెట్టిందే 1835లో. మీ దగ్గరున్నది తర్వాత ఎవరో చేసిన బిళ్ల, పూజలో నిశ్చింతగా ఉంచుకోవచ్చు. పాత నాణేల పేరు చెప్పి ఫీజులు అడిగేవాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

ప్రశ్న: పునాదులు తవ్వుతుంటే దొరికిందని విజయనగర వరహా ఒకటి చూపించారు. బంగారం పరీక్షలో పాసైంది. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. ఆ పరీక్ష బంగారం ఎంత శుద్ధమో చెబుతుంది, ఏ కాలంలో అచ్చు వేశారో చెప్పదు. మూడున్నర గ్రాముల లోపు మంచి బంగారంతో కొత్తగా అచ్చుకొట్టి, చరిత్ర పేరుతో ఎన్నో రెట్లు గుంజుతున్నారు. ఒకవేళ నిజంగా భూమిలో దొరికిందే అయితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి, గుట్టుగా కొంటే చిక్కుల్లో పడేది మీరే. ఎటు చూసినా మీకు నష్టమే, బయానా ఇచ్చి ఉంటే ఇవాళే వెనక్కి అడగండి.