ఎన్-బ్యాక్ కష్టం చేస్తే తీటా పెరుగుతోంది, రెప్పలు తీసేస్తే పోతోంది: సమాధానం

ఈఈజీలో (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తు కొలిచేది) ఎన్-బ్యాక్ (కొన్ని అడుగుల ముందు చూసిందే మళ్లీ వచ్చిందా అని చెప్పే జ్ఞాపకం పరీక్ష) కష్టం చేస్తే తీటా (4–7 హెర్ట్జ్ తరంగం) పెరుగుతోంది, రెప్పపాట్ల గుర్తులు తీసేస్తే పోతోంది, ఎందుకని అడిగావు. అది చాలావరకు కంటి రెప్పే తమ్ముడూ. తీటా నుదుటి మీది ఎలక్ట్రోడ్లు ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2 దగ్గరే పెరిగి, తల ముందు భాగం మధ్యలో ఉండే ఎఫ్‌జెడ్‌లో పెద్దగా కదల్లేదన్నావు కదా, అక్కడే దొరికిపోయింది. రెప్ప కొడితే నుదుటి మీద 100 మైక్రోవోల్టులు దాటిపోద్ది, మెదడుది పదుల్లోనే ఉంటాది.

1. ముందు రెప్పలు లెక్కెట్టి పక్కన పెట్టు, క్లీన్ చేశాక దొరకవు. నీకు అవీ డేటానే.

2. అందరూ వదిలేసేది ఇదే. ఫైలుకి కాపీ తీసి దానికి 1 హెర్ట్జ్ హై-పాస్ (అంతకన్నా నెమ్మదిగా మారేవాటిని తీసేసే ఫిల్టర్) పెట్టి ఆ కాపీ మీద ఐసీఏ (కలిసిపోయిన సంకేతాల్ని విడదీసే లెక్క) నడుపు, వచ్చిన వెయిట్స్ (విడదీసే అంకెలు) అసలు ఫైలుకి తగిలించు. మన విజయనగరం ఎండల్లో ఫ్యానాగిందంటే చెమటకి బేస్‌లైన్ (సంకేతం అడుగు గీత) ఎలా జారిపోద్దో చూసే ఉంటావు, ఆ జారుడు ఉంచేసి నడిపితే ఐసీఏ దాని వెనకాలే పడి రెప్పని సరిగ్గా విడదీయదు.

3. ఐసీఏ విడదీసిన ముక్కల్లో (కాంపొనెంట్లు) రెప్పవి ఒకటో రెండో తీసెయ్, అనుమానం వచ్చినవన్నీ పీకేయకు.

4. ఎఫ్‌జెడ్‌లో 4–7 హెర్ట్జ్, తల వెనకవైపు మధ్యలో ఉండే పీజెడ్‌లో 8–12 (ఆల్ఫా) మళ్లీ చూడు. లోడ్ (పని కష్టం) పెరిగితే మామూలుగా మొదటిది పెరిగి రెండోది తగ్గుద్ది.

ఇంతకీ జవాబులు నోటితో చెప్పించావేటి? మాట్లాడితే రెప్పలు పెరుగుతాయి, స్క్రీన్‌కేసి దీక్షగా చూస్తే తగ్గుతాయి. బటన్ నొక్కించు.