ఫ్లెక్సీ షాపులో నేర్చుకుంటే డిజైనర్ కాదా?

ప్రశ్న: మాది కడప. నాకు 24 ఏళ్లు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, ఏడు రోడ్ల దగ్గర ఒక ఫ్లెక్సీ, డీటీపీ షాపులో డిజైనింగ్ చేస్తున్నాను. కోర్సేదీ చేయలేదు, పనిలోనే నేర్చుకున్నాను. రాత్రిళ్లు ఫోన్లో మంచి పోస్టర్లు చూస్తూ ఎలా చేశారా అని ఆలోచిస్తుంటాను. అమ్మ దాన్ని ఫోన్ పిచ్చి అంటుంది. నాయన సంబంధాల వాళ్లకు నేను ఇంట్లోనే ఉంటున్నానని చెబుతున్నాడు. బెంగళూరులో ఉండే మా బావ, అప్పు చేసైనా అక్కడ కోర్సు చెయ్యమంటున్నాడు. చూసి నేర్చుకోవడమంటే కాపీ కొట్టడమేనని కూడా అన్నాడు. అప్పటి నుంచి నాకే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ బావ మాట తేల్చేద్దాం. చూసి నేర్చుకోవడం కాపీ కాదమ్మా. చూసినదాన్నే పేర్లు మార్చి కస్టమర్‌కు అమ్మితే కాపీ. నెట్‌లో దొరికిన డిజైన్ తెచ్చి 'ఇట్లాంటిదే కావాలి' అనేవాళ్లు మీ షాపుకు రోజూ వస్తూనే ఉంటారు. అందులో ఏం నచ్చిందో అడగండి. రంగులా, పేరు రాసిన తీరా, ఖాళీ వదిలిన పద్ధతా? అది తెలిస్తే మీరే కొత్తగా వేసివ్వచ్చు. సాధన కోసమైతే ఎవరి పోస్టరునైనా ఉన్నదున్నట్టు వేసి చూసుకోండి. దాన్ని మీ పనిగా మాత్రం ఎవరికీ చూపించకండి.

అమ్మ మాటలో కొంత నిజం లేకపోలేదు. వేలితో తోసుకుంటూ ఎన్ని పోస్టర్లు చూసినా చేతికేమీ రాదు. ఒక్కటి పట్టుకుని కూర్చోవాలి, అదీ ఫోన్లో కాదు. ఇంట్లో పాత పెళ్లి పత్రికలు ఉండే ఉంటాయి. ఒకటి తీసి స్కేలు పెట్టండి. అంచుల్లో ఎంత ఖాళీ ఉంది? కన్ను ముందు ఎక్కడ పడింది, వధూవరుల పేర్ల మీదా, దేవుడి బొమ్మ మీదా? ఎన్ని ఫాంట్లు వాడారు? పెళ్లికూతురి పేరు జ్యోత్స్న అయితే, ఆ ఒత్తులు కింది వరుస గుడులకు తగలకుండా ఎంత ఎడం ఇచ్చారు? ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. ఇంగ్లిష్ డిజైన్లు మాత్రమే చూసి నేర్చుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఇవన్నీ నోట్ బుక్కులో రాసుకుని, పత్రికను పక్కన పెట్టి, గుర్తున్నంతవరకు కోరల్‌డ్రాలో (షాపుల్లో వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్) మళ్లీ వేయండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మీది ఎక్కడ తేలిపోయిందో ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నట్టు, స్కేలూ పుస్తకమూ ముందేసుకుని కూర్చుంటే అమ్మ కూడా పిచ్చి అనదు.

షాపును తక్కువ చేసుకోకండి. స్క్రీన్ మీద మెరిసిన చిలకపచ్చ, ఆర్‌జీబీ (స్క్రీన్ రంగులు) నుంచి సీఎంవైకేకి (ప్రింటు సిరా రంగులు) మారి ప్రింటులో ఎందుకు చప్పబడుతుందో, కటింగ్‌లో తెల్ల అంచు రాకుండా చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరించే గీత దాటి అదనంగా పోనిచ్చే రంగు, ఎందుకు వదలాలో, సరుకు పాడై ఓనర్ కేకలేసే చోట నేర్చుకుంటే జన్మలో మర్చిపోరు. మీ ఊళ్లో ఇంకో సౌకర్యం ఉంది. పెద్ద దర్గా ఉరుసుకు ఫ్లెక్సీ వేస్తే తెలుగు ఎడమ నుంచి, ఉర్దూ కుడి నుంచి మొదలవుతాయి. రెండూ ఒకే బోర్డు మీద కొట్టుకోకుండా ఎలా కూర్చోబెట్టారో చూడండి. బయట దొరికే పాఠం కాదది.

షాపు నేర్పనిదల్లా నిదానం. గంటలో కావాలంటారు, పుట్టినరోజు ఫ్లెక్సీ మీద వీధిలో అందరి ఫొటోలూ పెట్టమంటారు. చెయ్యి దానికే అలవాటు పడితే అక్కడే ఆగిపోతుంది. అందుకని నెలకొక్కటైనా, కస్టమర్ కోసం చేసిన పనిని ఇంట్లో మీకు నచ్చినట్టు మళ్లీ చేయండి. ఇంట్లో చేసేటప్పుడు, డీటీపీ షాపుల్లో వాడే పాత పద్ధతి అను ఫాంట్లు వదిలి రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) ఫాంట్లు వాడండి. అవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫోన్ యాప్‌లకూ వెబ్‌సైట్లకూ పనిచేసేది యూనికోడే. ఇలా చేసినవన్నీ ఒక ఫైల్‌లో దాచుకోండి. అందులో షాపు పనులు కూడా పెట్టి చూపించుకోవాలంటే ఓనర్‌ను ముందే అడగండి. ఆయన కాదంటే పేర్లు, ఫోన్ నంబర్లు మార్చి పెట్టుకోండి.

ఇక నాయన సంగతి. మీ ఉత్తరంలో అన్నింటికన్నా నొప్పి, మీరు ఇంట్లోనే ఉంటున్నారని ఆయన సంబంధాల వాళ్లకు చెబుతున్నాడన్న వాక్యంలోనే ఉందనిపించింది. ఆయనకు డిజైన్ మీద కోపం ఉండకపోవచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పొద్దుపోయాక ఇంటికొస్తుంటే నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం కావచ్చు. ఆ భయానికి మీరు చేయగలిగిందుంది. ఎన్నింటికి బయల్దేరాలో ఓనర్‌తో తేల్చుకోండి, ఆ టైం ఇంట్లో చెప్పండి. కానీ అబద్ధం మాత్రం సాగనివ్వకండి. 'నాయనా, వచ్చేవాళ్లకు నేను పని చేస్తున్నానని చెప్పు, లేకుంటే పెళ్లయ్యాక మానుకోమంటే నేనేం చెప్పాలి?' అని అడగండి. నలుగురిలో కాదు, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు. ఆయన చెప్పకపోతే పెళ్లిచూపుల్లో మీరే చెప్పండి. ఆ మాటకు తప్పిపోయే సంబంధం తప్పిపోనివ్వండి.

చదువు వద్దని నేననను. మీ కడపలోనే ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. కాకపోతే బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అంటే మళ్లీ నాలుగేళ్లు. మనసు పడితే వెళ్లి వివరాలు కనుక్కోండి. అప్పు చేసి బెంగళూరు కోర్సు మాత్రం ఇప్పుడే వద్దు. డిజైన్ పనులకు పిలిచేవాళ్లు చాలామంది ముందు చూసేది మీరు చేసిన పనిని. బావను డబ్బు కాకుండా ఇంకో సాయం అడగండి. ఆయన ఆఫీసులో డిజైన్ చేసేవాళ్లెవరైనా ఉంటే మీ ఫైల్ ఒక అరగంట చూసి, మొహమాటం లేకుండా తప్పులు చెప్పమనండి.