పాకిందా, పక్కన పుట్టిందా?

సందేహం: మా అత్తకు అండాశయంలో గ్రాన్యులోజా సెల్ ట్యూమర్, గర్భసంచి లోపొరలో కేన్సర్ రెండూ ఉన్నాయని నెల్లూరులో ఆపరేషన్ అయినాక రిపోర్టు ఇచ్చారు. ‘గర్భసంచి కేన్సర్ అండాశయానికి పాకింది’ అని బంధువులకు చెప్తుంటే డాక్టరమ్మ తప్పన్నారు. ‘లోపొర కేన్సర్‌తో కూడిన అండాశయ గడ్డ’ అనవచ్చా? గడ్డ, కణితి ఒకటేనా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: డాక్టరమ్మ చెప్పిందే సరి. పాకడమంటే ఒకచోట పుట్టిన కేన్సర్ కణాలు మరోచోటికి చేరి అక్కడ పెరగడం. మీ అత్తగారి అండాశయంలో వచ్చిన ఈ అరుదైన కణితి చాలామందిలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను తయారు చేస్తుంది. ముట్లుడిగాక ఆ హార్మోన్ బాగా తగ్గిపోవాలి. తగ్గకుండా అదేపనిగా అందుతుంటే గర్భసంచి లోపొర మందమై, కొందరిలో కేన్సర్‌కు దారితీస్తుంది. అక్కడినుంచి ఇక్కడికి వచ్చింది హార్మోను, కేన్సర్ కణాలు కావు. అందుకే ‘కణితి నుంచి’ అనకండి, ‘కణితి వల్ల’ అనండి.

వేరే కొందరిలో ఎండోమెట్రాయిడ్ అనే ఒకే రకం కేన్సర్ రెండుచోట్లా ఒకేసారి బయటపడడమూ ఉంది. అప్పుడు పాకిందో, విడివిడిగా పుట్టిందో కణితి ముక్కను పరీక్షించే పాథాలజీ వాళ్ళు తేల్చాలి. అందాకా ‘తోపాటు’ అంటే సరిపోతుంది. అది కారణం జోలికి పోదు.

‘తో కూడిన’ మాత్రం వద్దు. నేతితో కూడిన పప్పన్నమంటే నెయ్యి అందులోనే కలిసి ఉన్నట్టు. ఇక్కడ ఉన్నవి రెండు అవయవాలు, రెండు జబ్బులు.

ఇక గడ్డ. సెగగడ్డా గడ్డే, చీముగడ్డా గడ్డే, మన నెల్లూరు వైపు కూరలో వేసే ఎర్రగడ్డా గడ్డే! ట్యూమర్‌కు కణితి అన్నదే నికరమైన మాట. అయితే కణితులన్నీ కేన్సర్లు కావు. మీ అత్తగారిది మెల్లగా పెరిగే కేన్సర్ జాతిదే. తీసేసిన చాలా ఏళ్ళకు కూడా తిరగబెట్టవచ్చు. ‘గడ్డేగా, తీసేశారు’ అని ఇంట్లోవాళ్ళు చెకప్‌లు మానిపిస్తారేమోనని నా భయం.

ఇలా చెప్పండి: ‘అత్తకు అండాశయంలో కేన్సర్ కణితి వచ్చింది. దాని హార్మోన్ వల్ల గర్భసంచి లోపొరకూ కేన్సర్ వచ్చింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకలేదు.’

మీరడగకపోయినా ఇంకొకటి. ముట్లుడిగి ఏళ్ళు గడిచినాక రక్తం కనబడితే మనవైపు ఆడవాళ్ళు ‘మళ్ళీ ముట్టయింది’ అంటుంటారు. అది ముట్టు కాదు. ‘రక్తం పోతోంది’ అనే అనాలి, ఆ మాట డాక్టరు దగ్గరే ముందు అనాలి.