బ్రేక్ డ్రమ్మును పాత సామాన్లకు వేసిన తండ్రికి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. ముగ్గురు స్నేహితులతో కలిసి గిన్నెలు, రేకు డబ్బాలు, పాత స్కూటర్ బ్రేక్ డ్రమ్ము మోగిస్తూ ప్రయోగాత్మక జాజ్ అంటున్నాడు. ఇంజనీరింగ్ వద్దు, ఏడాది సౌండ్ ప్రొడక్షన్ డిప్లొమా చేస్తానంటున్నాడు. విసిగిపోయి ఆ డ్రమ్మును పాత సామాన్లకు వేసేశాను. బీటెక్కా, సంగీతమా, ఏది మేలు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీరు అడిగింది బీటెక్కా, సంగీతమా అని, ఉత్తరం నిండా కనిపిస్తున్నది మాత్రం, బంధువుల పెళ్ళిలో 'మీవాడేం చేస్తున్నాడు' అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్న బెంగ. ఇదే బెంగను గిటారు పేరుతో, క్రికెట్ పేరుతో ఎన్నోసార్లు విన్నాను. గిన్నెల పేరుతో వినడం ఇదే మొదలు.

ముందు ఆ డ్రమ్ము సంగతి. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1939లో లోహవాద్యాల కోసం కూర్చిన రచనలో మోటారు బ్రేక్ డ్రమ్ములు కూడా వాద్యాలుగా మోగాయి. అది జాజ్ కాదు గానీ, జాజ్ డ్రమ్మర్ మాక్స్ రోచ్ 1970లో కేవలం తాళవాద్యకారులతోనే 'ఎంబూమ్' బృందాన్ని నిలబెట్టారు. మన దేశపు తాళవాద్యకారుడు త్రిలోక్ గుర్టు మోగుతున్న లోహపు పళ్ళేన్ని నీళ్ళ బకెట్లో ముంచి దాని నాదాన్ని వంచుతారు. అంత దూరం ఎందుకు, పాతబస్తీ పెళ్ళి ఊరేగింపులో మర్ఫా మోగేటప్పుడు స్టీలు బిందె కూడా వాద్యమే, మన ఘటం మట్టికుండే. ఏ అంచున కొడితే ఏ నాదం పలుకుతుందో వెతికి వెతికి అబ్బాయి ఎంచుకున్న వాద్యాన్ని, వాడిని ఒక్కమాట అడగకుండా మీరు తూకానికి అమ్మారు. అదే వీణ అయివుంటే అమ్మేవారా?

అయితే వాడు కోరుతున్న డిప్లొమా మీద నాకూ గట్టి సందేహాలే ఉన్నాయి. ఇటువంటి కోర్సుల్లో నేర్పేది చాలావరకు కంప్యూటర్‌లో ట్రాకులు పేర్చడం, వాటిని సమతూకంగా కలపడం (మిక్సింగ్), చివరి మెరుగు దిద్దడం (మాస్టరింగ్). శ్రద్ధ ఉన్నవాడు వీటిలో చాలా భాగాన్ని ఇంట్లోనే పట్టుకోగలడు. ఏడేసి మాత్రల మిశ్రనడలో లయ జారకుండా నిలవడం, పక్కవాడు దారి తప్పించినా సమం దగ్గర, అంటే తాళం మొదలయ్యే దెబ్బ దగ్గర, కలవడం మాత్రం గురువు ఎదుట ఏళ్ళ తరబడి కూర్చుంటేనే వస్తాయి. 'నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్నచోట, నిరుడు ఎవరికి ఏ స్టూడియోలో ఎంత జీతానికి పని దొరికిందో రాసి ఇమ్మనండి. నేను అడిగిన ఒకచోట మంచి టీ ఇచ్చారు, కాగితం ఇవ్వలేదు.

ఈ సంగీతం ఒక్కదానితోనే ఇల్లు గడవడం కష్టమే. దీనిని వాయించేవారు పిల్లలకు డ్రమ్స్ నేర్పుతూ, నాటకాలకూ ప్రకటనలకూ శబ్దాలు సమకూరుస్తూ, ఇతరుల బృందాల్లో వాయిస్తూ బతుకుతారు. అది పరువు తక్కువ బతుకేమీ కాదు.

బీటెక్ విషయానికి వస్తే, ఎంపీసీ చదివాడు కనుక ఎప్‌సెట్ రాయమనండి, చేరాలా వద్దా అన్నది ర్యాంకు వచ్చాక మాట్లాడుకోవచ్చు. మనసు లేకుంటే మామూలు డిగ్రీ చాలు. రామకోటిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో మృదంగం తరగతులు వాడి చదువు వేళలకు కుదురుతాయేమో మీరే వెళ్ళి కనుక్కోండి. పదిహేడేళ్ళ పిల్లవాడు, ఏదీ చేయి దాటిపోలేదు.

ఈ ఆదివారం వాడిని వెంటబెట్టుకుని ఏదైనా మెకానిక్ షెడ్డుకు వెళ్ళండి. మరో బ్రేక్ డ్రమ్ము కొనేముందు నాలుగింటిని వాడినే కొట్టి చూడనివ్వండి. ఏది ఎందుకు వద్దంటున్నాడో పక్కన నిలబడి వినండి.