స్కేట్ల మీద ఉన్న బాబును ‘పాదచారి’ అని ఎందుకు రాశారు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అబ్బాయికి పదేళ్ళు. రెండేళ్ళుగా ఇన్‌లైన్ స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు. ఎనిమిది రోజుల క్రితం కాలనీ రోడ్డు మీద స్కేటింగ్ చేస్తుండగా పక్క సందులోంచి వచ్చిన మోటారుసైకిలు గుద్దింది. కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగితే సిమెంటు కట్టు వేశారు. డిశ్చార్జి కాగితంలో మాత్రం ‘పాదచారి, ద్విచక్ర వాహనం ఢీకొన్నది’ అని రాసి, పక్కన వి02 అనే కోడ్ వేశారు. వాడు నడవడం లేదు కదా, ఈ తప్పు వల్ల రేపు పరిహారం ఆగిపోతుందా? వాడు మళ్ళీ స్కేట్లు వేసుకోవచ్చా? రెండు రోజులుగా ఎడమ కాలు కూడా నొప్పి అంటున్నాడు. ఆ రోజు కాలికి ఏమీ కాలేదనే అనుకున్నాం.
— ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన మాటే అన్నిటికంటే ముఖ్యమైనది. అందుకే ఉత్తరం అందిన రోజునే కాలికి ఎక్స్‌రే తీయించమని మీకు విడిగా తెలియజేశాను. దాని కారణం మిగతా తల్లిదండ్రులకూ తెలియాలని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

స్కేట్ల మీద తనంతట తాను పడిన పిల్లవాడికి తగిలేది ఒక్క దెబ్బ. అరచేతులు నేలకు ఆనించి పడతాడు కనుక మణికట్టు విరుగుతుంది. వాహనం గుద్దినప్పుడు మాత్రం దెబ్బలు రెండు. మొదట బండి ముందు చక్రమో, కాళ్ళకు అడ్డుగా ఉండే ఇనుప గార్డో పిల్లవాడి కాలికి తగులుతుంది. ఆ తరువాత నేల తగులుతుంది. చెయ్యి వంకర తిరిగి కళ్ళెదుట కనిపిస్తుంటే ఇంట్లోవాళ్ళ దృష్టి, ఒక్కోసారి వైద్యుల దృష్టి కూడా, దాని మీదే నిలిచిపోతుంది. స్కేటు బూటు గట్టిగా ఉండి చీలమండను కాపాడుతుంది గానీ, ఆ బలమంతా బూటు పై అంచు దగ్గరికి చేరడం వల్ల సరిగ్గా ఆ అంచుకు పైన ముంగాలి ఎముక చిట్లే అవకాశం ఉంది. సన్నని చీలిక అయితే పిల్లవాడు కుంటుతూనైనా నడుస్తాడు, మనమేమో బెణుకు అనుకుంటాం. ఇలాంటి ప్రమాదంలో బూటును బలవంతంగా లాగకూడదు. బకిళ్ళు, తాళ్ళు పూర్తిగా వదులు చేశాకే మెల్లగా తీయాలి. అప్పటికీ నొప్పి ఎక్కువగా ఉంటే ఆసుపత్రి దాకా అలాగే ఉంచాలి.

కడుపు సంగతి కూడా చెప్పాలి. మోటారుసైకిలు హ్యాండిల్ కొన ఇంచుమించు పదేళ్ళ పిల్లవాడి ఛాతీ, పొట్ట ఎత్తులో ఉంటుంది. అది గుచ్చుకుంటే పైన చిన్న కమిలిన మచ్చ మాత్రమే కనిపించి, లోపల కాలేయానికో ప్లీహానికో గాయమై, గంటల తరువాత బయటపడవచ్చు. కడుపు నొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ముఖం పాలిపోవడం, ఆగని వాంతులు, నిద్ర లేపినా సరిగా లేవకపోవడం వంటివాటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు.

ఇక ‘పాదచారి’ అనే మాట. అది తప్పు కాదు. జబ్బులకూ గాయాలకూ కోడ్‌లు ఇవ్వడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ-10 వర్గీకరణలో వి01 నుంచి వి09 వరకు పాదచారుల ప్రమాదాలే ఉంటాయి. స్కేట్లు, స్కేట్‌బోర్డు, చక్రాల కుర్చీ మీద ఉన్నవారినీ, తోపుడుబండిలోని పసిపిల్లలనూ ఆ వర్గీకరణ పాదచారులుగానే లెక్కిస్తుంది. వి02 అంటే మోటారుతో నడిచే రెండు లేక మూడు చక్రాల వాహనం ఢీకొన్నదని అర్థం. ఆటో గుద్దినా ఇదే కోడ్ వేస్తారు. బండి బీమాకు సంబంధించి మీ అబ్బాయి మూడో పక్షం (బండి యజమాని, బీమా కంపెనీ కాక నష్టపోయిన బయటి వ్యక్తి) కిందికి వస్తాడు. చక్రాల మీద ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు.

ఎముక విరగడాన్ని చట్టం తీవ్ర గాయంగానే చూస్తుంది. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ప్రకారం ఎవరి తప్పో నిరూపించకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షల రూపాయలు కోరవచ్చు. 166వ సెక్షన్ కింద ఎక్కువ పరిహారం అడగదలిస్తే దరఖాస్తుకు ఆరు నెలల గడువని చట్టంలో ఉంది, కాబట్టి ఎఫ్‌ఐఆర్ ఇంకా నమోదు కాకపోతే ఇక జాగు చేయకండి. కాలి గాయం కూడా అదే ప్రమాదంలో అయిందని వైద్యుడి చేత రాయించుకోండి.

స్కేటింగ్ విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది: మానిపించకండి, చోటు మార్చండి. స్కేటర్ ముందుకు సాగడానికి కాళ్ళను పక్కలకు నెట్టాలి కాబట్టి నడిచే మనిషికి పట్టే వెడల్పు అతనికి చాలదు. మడమ దగ్గరి బ్రేకుతో ఉన్నపళంగా ఆగడం కుదరదు. మీ ఊళ్ళో అయితే గాలికి కొట్టుకొచ్చే ఇసుక చక్రాల పట్టును ఇంకా తగ్గిస్తుంది. సందులోంచి వచ్చే బండివాడు నడిచే పిల్లవాడి వేగాన్ని ఊహిస్తాడు గానీ ఈ వేగాన్ని ఊహించడు. మీ అబ్బాయికి ఎంత నేర్పు ఉన్నా ఆ మలుపు దగ్గర అది అక్కరకు రాదు. స్కేటింగ్ కోసమే కట్టిన రింక్ దూరమైనా సరే, వారానికి రెండు రోజులు అక్కడే చేయించండి.

కట్టు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది. ఈలోగా వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతూ పోయినా వెంటనే చూపించాలి. పిల్లల ఎముకల చివర ఎదుగుదల జరిగే మెత్తని పొర ఉంటుంది. విరిగింది దాని దగ్గరే అయితే కొన్ని నెలల తరువాత మళ్ళీ ఎక్స్‌రే తీయించాలి. కట్టు విప్పాక చేతికి పట్టు పూర్తిగా వచ్చి, కాలి సంగతి తేలి, వైద్యుడు సరేనన్నాకే స్కేట్లు కట్టనివ్వండి. మణికట్టు గార్డులు లేకుండా మాత్రం ఒక్క రోజు కూడా వద్దు. 1996లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో అవి లేనివారికి మణికట్టు గాయాల ముప్పు పది రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. ఆ రోజు బాబు పెట్టుకున్న హెల్మెట్ నేలకు తగిలి ఉంటే, పైకి గీత కూడా కనిపించకపోయినా, దాన్ని పక్కన పడేసి కొత్తది కొనండి.