సమాధానం: షాపులో బిల్లింగ్, స్టాక్, రిటర్న్స్ (వెనక్కి వచ్చిన సరుకు) అన్నీ నా మీదే, షిఫ్ట్ అయ్యేసరికి ఏదీ పూర్తికావట్లేదు

మీరు నెమ్మదిగా చేయడం కాదు కారణం. ఏది ముందో ఎవరూ తేల్చకుండా మూడు పనులూ ఒకేసారి అప్పగించారు, కాబట్టి ఎవరు గట్టిగా పిలిస్తే అటు పరిగెత్తాల్సి వస్తోంది.

1. షిఫ్ట్ మొదలవగానే ఆ రోజు పనులన్నీ కాగితం మీద రాయండి.

2. అందరూ వదిలేసేది ఇదే. ఆ కాగితం మేనేజర్‌కి చూపించి "ఇవాళ వీటిలో ఏది ఆగినా పర్వాలేదు?" అని అడగండి. "పని ఎక్కువగా ఉంది సార్" అంటే "సర్దుకో" అనేస్తారు, అదే ఏది ఆపాలో అడిగితే తేల్చాల్సింది వాళ్లే అవుతుంది. మధ్యలో కొత్త పని చెప్పినా అంతే: "చేస్తాను, దీనికోసం ఏది పక్కన పెట్టమంటారు?" వాళ్లు చెప్పింది వెంటనే ఒక్క లైన్‌లో వాట్సాప్ చేయండి. ర్యాక్ ఎందుకు ఖాళీగా ఉందని రేపు ఎవరైనా నిలదీస్తే ఆ మెసేజే మీకు అండ.

3. రిటర్న్స్ లెక్క రద్దీ లేని గంటలోనే పెట్టుకోండి. బిల్లింగ్ మధ్యలో మొదలుపెడితే కస్టమర్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి.

4. బ్రేక్ మాత్రం వదులుకోవద్దు, దయచేసి. అలసిపోయి క్యాష్‌లో తేడా వస్తే జవాబు చెప్పాల్సింది మీరే.

5. రెండు వారాలైనా మారకపోతే ఆ మెసేజ్‌లు చూపించి, ఏ గంటల్లో ఇంకో మనిషి కావాలో కచ్చితంగా చెప్పి అడగండి.