19 ఏళ్ల అనుభవం రెజ్యూమెలో రాయాలా, వదిలేయాలా?

ప్రశ్న: నా వయసు 43. ఒక తయారీ సంస్థలో స్టోర్స్, కొనుగోళ్ల విభాగంలో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. డేటా అనలిటిక్స్‌లోకి మారాలని డేటా విశ్లేషణకు వాడే ఎస్‌క్యూఎల్, పైథాన్, పవర్ బీఐ నేర్చుకున్నాను. కొత్త రంగం కాబట్టి రెజ్యూమెలో పాత అనుభవం తీసేయమని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తీసేయకండి. అది పోతే మీకు మిగిలేవి కోర్సు సర్టిఫికెట్లే. అవి నిన్నగాక మొన్న డిగ్రీ పూర్తిచేసినవాళ్ల దగ్గరా ఉంటాయి. సరుకు ఎందుకు కదలకుండా పడి ఉంటుందో, సరఫరా ఆలస్యమైతే ఉత్పత్తి ఎక్కడ ఆగుతుందో వాళ్లకు తెలియదు, మీకు తెలుసు. కాబట్టి కనిపించిన ప్రతి డేటా అనలిస్ట్ ప్రకటనకూ పంపకుండా సప్లై చైన్ (సరఫరా వ్యవస్థ) అనలిస్ట్, ఇన్వెంటరీ (నిల్వల) ప్లానింగ్ లాంటి ఉద్యోగాలకు ముందు ప్రయత్నించండి.

రెజ్యూమె మొదట్లో పెట్టే 'సవాళ్లతో కూడిన ఉద్యోగం కోరుతున్నాను' తరహా ఆబ్జెక్టివ్ ఎవరూ చదవరు. దాని స్థానంలో మూడు నాలుగు వాక్యాల సమ్మరీ రాయండి: ఇన్నాళ్లూ ఏం చేశారు, అందులో లెక్కలతో ఏం తేల్చారు, ఇప్పుడు ఏ ఉద్యోగం కోరుతున్నారు.

ఎక్కువ సమయం పెట్టాల్సింది అనుభవం భాగం మీద. 'స్టోర్స్ రికార్డుల నిర్వహణ' అంటే గుమస్తా పనిలా ఉంటుంది. అదే పనిని 'నెలవారీ వాడకాన్ని బట్టి రీఆర్డర్ లెవెల్స్ సవరించి, కదలని నిల్వను తగ్గించాను' (రీఆర్డర్ లెవెల్ అంటే సరుకు ఎంతకు తగ్గితే మళ్లీ ఆర్డర్ పెట్టాలో ఆ హద్దు) అని రాస్తే అనలిస్ట్ కనిపిస్తాడు, మీరు నిజంగా ఆ పని చేసి ఉంటేనే సుమా. ఎంత తగ్గిందో అంకె ఉంటే వేయండి. లేకపోతే ఎన్ని రకాల సరుకులు, ఎంతమంది సరఫరాదారులను చూశారో చెప్పండి. అంకెలు ఊహించి వేయొద్దు. ఇంటర్వ్యూలో ముందు తవ్వేది వాటినే.

తేదీలు, సంస్థల పేర్లు పక్కనపెట్టి నైపుణ్యాలనే ఏకరువు పెట్టే ఫంక్షనల్ రెజ్యూమె మీలాంటివాళ్లకు మంచిదని చెబుతుంటారు. నాకు నచ్చదు. ఏదో దాస్తున్నారన్న అనుమానం రిక్రూటర్‌కు వెంటనే వస్తుంది. పైన సమ్మరీ, నైపుణ్యాలు, కింద తాజా ఉద్యోగంతో మొదలయ్యే అనుభవం పెడితే సరిపోతుంది. చివరి 10-15 ఏళ్లే వివరంగా రాసి, అంతకుముందుది ఒక్క లైనులో ముగించండి. మొత్తం రెండు పేజీలు దాటకూడదు. అడిగితే తప్ప పుట్టిన తేదీ, ఫొటో, వైవాహిక స్థితి అక్కర్లేదు.

నేర్చుకున్నది వాడగలరని చూపేందుకు ఒక ప్రాజెక్టు ఉండాలి. స్టోర్స్‌లో మీరు చూసిన సమస్యనే తీసుకోండి. అయితే మీ సంస్థ డేటాను బయటకు తేవద్దు, నమూనా డేటా తయారుచేసుకోండి.

చాలా సంస్థల్లో దరఖాస్తులు మొదట సాఫ్ట్‌వేర్ చేతికి వెళతాయి. ప్రకటనలోని పదాల్లో మీకు వర్తించేవాటిని అలాగే వాడండి. టేబుళ్లు, రెండు కాలమ్‌ల డిజైన్లు వద్దు, కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని సరిగా చదవలేవు.

రంగం ఎందుకు మారుతున్నారో రెజ్యూమెతో పాటు పంపే కవర్ లెటర్‌లో రెండు వాక్యాల్లో చెప్పండి. అక్కడ పాత ఉద్యోగం మీద ఫిర్యాదు ఒక్కటీ రానివ్వొద్దు.